కాలువ వెంట వచ్చే చిప్పలు: తెలుగు గంగ, హంద్రీ-నీవా నీళ్లు వాడే మనం తెలుసుకోవాల్సిన సంగతి

తిరుపతిలో చాలా వీధుల్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు తిరుపతి నేల మీద కురిసినవి మాత్రమే కావు. కల్యాణి డ్యాం నీళ్లు కొన్ని, బోర్ల నీళ్లు కొన్ని ఉంటాయి. వాటికి తోడు తెలుగు గంగ. ఆ నీళ్లు శ్రీశైలంలో బయల్దేరి, పోతిరెడ్డిపాడు తూములు దాటి, వెలుగోడు, బ్రహ్మంసాగర్ మీదుగా పెన్నలో కలుస్తాయి. సోమశిలలో ఆగి, కండలేరులో ఆగి, కాలువ పట్టుకుని శ్రీకాళహస్తి వైపు వస్తాయి. అక్కడి నుంచి పైపుల్లో మన ఊరికి. మిగిలిన కాలువ సత్యవేడు వైపు సాగిపోయి, తమిళనాడు సరిహద్దు దాటి పూండి జలాశయంలో పడుతుంది. చెన్నై తాగే నీళ్లలో అవీ ఒక భాగం.

చిత్తూరు పడమటి మండలాలకు వేరే దారి ఉంది. హంద్రీ-నీవా. శ్రీశైలం వెనుక జలాలను మల్యాల దగ్గర ఎత్తి, ఒక పంపుహౌస్ తర్వాత ఇంకో పంపుహౌస్ దాటిస్తూ, అనంతపురం మీదుగా పుంగనూరు, కుప్పం వైపు తెచ్చారు. 2025 ఆగస్టులో కృష్ణా నీళ్లు కుప్పం దాకా చేరాయి. తాతల కాలం నుంచి వాన కోసం ఆకాశం చూసిన ఊళ్లకు అది ఎంత పెద్ద సంగతో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు.

అయితే ఒక నదీ పరీవాహక ప్రాంతం నుంచి ఇంకో దానికి నీళ్లు మళ్లించినప్పుడు నీళ్లొక్కటే రావు. అందులో బతికేవన్నీ వస్తాయి. చేప గుడ్లు, నాచు తునకలు, గుర్రపు డెక్క వేళ్లు, కంటికి ఆనని లార్వాలు. ప్రపంచంలో చాలాచోట్ల నీటి సరఫరా ఇంజనీర్లకు ఇలా వచ్చిన వాటిలో బాగా తలనొప్పి తెచ్చినవి సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లుండే కొన్ని రకాల చిప్పలు, అంటే రెండు మూతల గుల్లలో బతికే నీటి జీవులు. జీబ్రా మస్సెల్, క్వాగా మస్సెల్, గోల్డెన్ మస్సెల్ అని వాటి పేర్లు.

తెలుగు గంగలోకి ఇవి దిగిపోయాయని టెన్షన్ పెట్టడం నా ఉద్దేశం కాదు. ఒకసారి దిగాక వీటిని పూర్తిగా వదిలించుకోవడం పెద్ద కాలువల్లో, జలాశయాల్లో దాదాపు ఎక్కడా సాధ్యం కాలేదు. రాకముందు చేయగలిగే పనులు మాత్రం చాలా చవక. ఆ చవక పనుల గురించి మాట్లాడుకోవాలంటే కాలువలు కొత్తగా నీళ్లు చూస్తున్న ఇప్పుడే మాట్లాడుకోవాలి.

హాంకాంగ్‌కు జరిగింది

మన పరిస్థితికి బాగా దగ్గరగా ఉన్న ఉదాహరణ హాంకాంగ్. ఆ నగరానికి సొంతంగా పెద్ద నది లేదు. 1965 నుంచి పక్కనే ఉన్న చైనా భూభాగంలోని డాంగ్‌జియాంగ్ నది నుంచి నీళ్లు కొనుక్కుంటోంది. ఒక ప్రభుత్వం నీళ్లు ఇస్తుంది, ఇంకో ప్రభుత్వం డబ్బు కడుతుంది, మధ్యలో పంపులు, కాలువలు, పైపులు. కొన్నేళ్లకే హాంకాంగ్ ముడినీటి జలాశయాల్లో, సొరంగాల్లో గోల్డెన్ మస్సెల్ గుత్తులు గుత్తులుగా కనపడింది. హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జీవశాస్త్రవేత్త బ్రయాన్ మోర్టన్ 1970లలో దీన్ని పట్టి పట్టి చదివాడు. ఈ చిప్ప గురించి ఇవాళ ఇంజనీర్లు వాడే ప్రాథమిక సమాచారంలో కొంత ఆ కాలంలో తెలిసిందే.

ఇందులో నాకు ముఖ్యంగా తోచే విషయం ఒకటుంది. హాంకాంగ్‌కు ఈ చిప్పను ఎవరూ తెచ్చి వదలలేదు. నీళ్ల కోసం వేసిన దారిలోనే అది నడిచొచ్చింది. నీళ్ల ఒప్పందాల్లో ఎన్ని టీఎంసీలు, ఏ నెలలో, ఎవరు ఎంత ఖర్చు భరించాలి అన్నవి అక్షరం అక్షరం రాసుకుంటారు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు చేసుకున్న తెలుగు గంగ ఒప్పందం కూడా 12 టీఎంసీలు సరిహద్దుకు చేర్చాలన్న లెక్క మీదే నిలబడింది. మొదటిసారి నీళ్లు చెన్నై చేరింది 1996లో. అప్పటికి మన దేశంలో ఇలాంటి చిప్పల ఆలోచన ఎవరికీ పెద్దగా లేదు, అది వాళ్ల తప్పు కాదు. ఇప్పుడు తెలిసి కూడా ఆలోచించకపోతే మాత్రం తప్పే.

అదే చిప్ప తర్వాత ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడండి. 1991లో అర్జెంటీనాలోని లా ప్లాటా నదీముఖంలో బయటపడింది. ఓడలు బరువు కోసం అడుగున నింపుకొనే బల్లాస్ట్ నీళ్లలో ఆసియా నుంచి వచ్చిందని శాస్త్రవేత్తల నిర్ధారణ. పదేళ్లకు, 2001లో, నది పైకి వందల కిలోమీటర్ల దూరంలో బ్రెజిల్, పరాగ్వే సరిహద్దున ఉన్న ఇటాయిపు జలవిద్యుత్ కేంద్రం చేరింది. చైనాలో దక్షిణాది నీళ్లను బీజింగ్, తియాన్‌జిన్‌లకు తీసుకెళ్లే 1,400 కిలోమీటర్ల పైచిలుకు కాలువ 2014 డిసెంబరులో మొదలైతే, ఆ కాలువ వెంట ఉత్తరాదికీ పాకింది. 2024 అక్టోబరులో కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ రేవులో దొరికింది. ఉత్తర అమెరికాలో అదే మొదటిసారి. ఆ వెంటనే రాష్ట్రమంతా నీళ్లు పంచే కాలువల వ్యవస్థలోని ఓ'నీల్ ఫోర్‌బే అనే జలాశయంలోనూ కనపడింది.

చిప్పలన్నీ ఒకటి కావు

ఇక్కడే చాలా గందరగోళం ఉంది. చెరువు బురదలో ఆల్చిప్ప కనపడగానే ఇదేనేమో అని భయపడటం, పులికాట్ గురించి వచ్చిన వార్త చదివి కండలేరు గురించి అనుకోవడం. మన చుట్టుపక్కల మాట్లాడుకోవాల్సిన చిప్పలు మూడు తరహాలవి. మూడింటి కథలూ వేరు.

మొదటివి మన సొంత ఆల్చిప్పలు. స్వర్ణముఖి మడుగుల్లో, చెరువుల అడుగు బురదలో ఉండేవి. లామెల్లిడెన్స్, పారీసియా అని శాస్త్రీయ నామాలు. సగం బురదలో పూడుకుని, కండగల ఒక పాదంతో నెమ్మదిగా జరుగుతాయి. పెద్దయ్యాక గోడకో పైపుకో అతుక్కునే అలవాటు వీటికి లేదు. వీటి పిల్లల పుట్టుక విచిత్రం. తల్లి చిప్ప వదిలిన పిల్లలు చేపల మొప్పలకో రెక్కలకో కొన్నాళ్లు పట్టుకుని ఉండి, ఆ తర్వాతే విడివడి అడుగుకు చేరి సొంత బతుకు మొదలుపెడతాయి. చేప దొరకని పిల్ల చచ్చిపోతుంది. అందుకే వీటి సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోదు. నీళ్లను వడకట్టి తేటపరుస్తాయి, కొంగలకు, నీటి పిట్టలకు తిండి అవుతాయి. మంచినీటి ముత్యాల సాగు జరిగేది కూడా వీటితోనే. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ఆ సాగు నేర్పుతుంది. వీటి వల్ల ఏ పంపుహౌసూ ఆగిపోదు. బయటి చిప్పలంటే భయంతో వీటిని ఏరి పారేయడం మొదలైతే అది ఇంకో నష్టం. ఇప్పటికే ఇసుక తవ్వకాలు, మురుగునీళ్లు వీటిని బాగా దెబ్బతీశాయి.

రెండోవి ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసే చోట బతికేవి. వీటి విషయంలో తెలుగునేలకు పాత అనుభవమే ఉంది. మైటిలాప్సిస్ సల్లీ అనే మధ్య అమెరికా తీరపు చిప్ప 1967లో విశాఖపట్నం రేవులో నమోదైంది. ఓడల అడుగులకు, రేవు గోడలకు అట్టలు కట్టింది. ఇది జీబ్రా మస్సెల్ కుటుంబానికి చెందినదే. అదే చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో దొరికితే, అక్కడివాళ్లు రేవుల తలుపులు మూసి, క్లోరిన్, మైలుతుత్తం కలిపి, నీళ్లలోని ప్రాణులన్నిటితో సహా దాన్ని తుడిచిపెట్టేశారు. మొత్తంగా నిర్మూలించగలిగిన అరుదైన సందర్భాల్లో అదొకటి. తలుపులున్న చిన్న రేవు, తొందరగా పట్టుకున్నారు కాబట్టి అయింది.

ఈ రెండో తరహాలోనే మైటెల్లా స్ట్రిగాటా అని దక్షిణ అమెరికా చిప్ప ఉంది. కేరళ కాయల్‌లలో, అంటే తీరపు ఉప్పునీటి సరస్సుల్లో, పాగా వేసింది, చెన్నై పక్కన ఎన్నూరులో, పులికాట్‌లో కూడా పరుచుకుంది. తమిళ జాలర్లు దీన్ని కాకా ఆళి అంటారు. రొయ్యలు బతికే మెత్తటి అడుగును ఇది చాపలా కప్పేస్తుంది. పులికాట్ సరస్సులో పెద్ద భాగం తిరుపతి జిల్లాలో, సూళ్లూరుపేట, తడ వైపు ఉంది కనుక ఇది మన జాలర్ల బతుకుతెరువు సమస్య కూడా. దాని గురించి వేరే రాయాలి, గట్టిగా రాయాలి.

అయితే పులికాట్ నుంచి ఇది మన మంచినీటి కాలువల్లోకి ఎక్కుతుందా? పిచ్చాటూరు దగ్గర ఆనకట్ట కట్టిన అరణియార్ పులికాట్ వైపే పోతుంది. నగరి ప్రాంతం నుంచి దిగే కుశస్థలి నదే తమిళనాడులో కొసస్తలైయారు పేరుతో పూండి దాటి ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది ఒకటే కదా అని అనుమానం రావడం సహజం. కానీ ఈ చిప్పకు ఎంతో కొంత ఉప్పు కావాలి, దాని లార్వాలు ప్రవాహానికి ఎదురీదలేవు. ఎన్నూరులో ఉన్నది నగరికి నడిచి రాదు.

మూడోవే అసలు విషయం. పూర్తి మంచినీళ్లలో బతుకుతూ, గట్టి వస్తువు దొరికితే చాలు అతుక్కుపోయేవి. జీబ్రా, క్వాగా, గోల్డెన్. వీటికి పాదం పక్కనుంచి కొబ్బరి పీచు పోగుల్లాంటి గట్టి దారాలు పుడతాయి. వాటితో కాంక్రీటు, ఇనుము, ప్లాస్టిక్, చెక్క, తోటి చిప్ప, దేన్నైనా పట్టుకుంటాయి. పిల్లలకు చేపతో పనిలేదు. గుడ్లు, వీర్యం నేరుగా నీళ్లలోకి వదులుతాయి. జీబ్రా మస్సెల్‌లో ఒక ఆడది ఏడాదికి పది లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. వాటి నుంచి వచ్చే లార్వాలు మిల్లీమీటరులో పదో వంతు ఉండి, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా నీళ్లలో కొట్టుకుపోతాయి. కాలువ నీళ్లు అన్ని రోజుల్లో ఎన్ని కిలోమీటర్లు పోతాయో లెక్కేసుకోండి.

మనకు ఏది ప్రమాదం

ఈ మూడింటిలో మన ఎండలకు, మన నీళ్లకు తట్టుకునేది ఏదన్నది తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది, మిగతా సగం సరైన చోటికి చేరుతుంది.

జీబ్రా, క్వాగా నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాల నుంచి వచ్చినవి. చల్లని నీళ్ల జీవులు. నీళ్లు 30 డిగ్రీల చుట్టుపక్కల చాలాకాలం ఉంటే జీబ్రా మస్సెల్‌కు కష్టం, క్వాగాకు ఇంకా కష్టం. గుల్ల కట్టుకోవడానికి నీళ్లలో సున్నం కూడా బాగా కావాలి. రాయలసీమ అంచున, మే నెలలో కాలువ నీళ్లు గోరువెచ్చగా తగిలే చోట, ఇవి నిలదొక్కుకోవడం తేలిక కాదు.

గోల్డెన్ మస్సెల్ అలా కాదు. చైనా, ఆగ్నేయాసియా వైపు నదుల్లో పుట్టి పెరిగింది. వెచ్చని నీళ్లు దానికి ఇష్టం. నీళ్లు 16, 17 డిగ్రీలు దాటితే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. మన కాలువల్లో నీళ్లు అంతకంటే చల్లబడే రోజులు ఏడాదిలో ఏమాత్రం ఉండవు. అంటే ఏడాది పొడవునా సంతానమే. సున్నం కొద్దిగా ఉన్న నీళ్లలో కూడా బతుకుతుంది, కాస్త ఉప్పదనాన్నీ, తక్కువ ఆక్సిజన్‌నూ ఓర్చుకుంటుంది. లా ప్లాటా తీరంలో చదరపు మీటరుకు లక్షకు పైగా లెక్కపెట్టిన సందర్భాలున్నాయి. కాబట్టి మనం నిఘా పెట్టాల్సింది ఒక్కదాని మీదే అయితే, అది గోల్డెన్ మస్సెల్.

కాంక్రీటు, వేగం, కరెంటు బిల్లు

కండలేరు నుంచి వచ్చే కాలువ మొదట్లో చాలాచోట్ల తెగి, ఇంకి, నీళ్లు సరిహద్దు చేరకముందే తగ్గిపోయేవి. 2002 తర్వాత సత్యసాయి సెంట్రల్ ట్రస్టు డబ్బుతో గట్లు బలపరిచి కాంక్రీటు లైనింగ్ చేశారు. కాలువకు సత్యసాయి గంగ అని పేరొచ్చింది, 2004 నుంచి నీళ్ల రాక బాగా మెరుగుపడింది. హంద్రీ-నీవా కాలువకు కూడా ఈ మధ్యే లైనింగ్ జరిగింది. లైనింగ్ మంచి పనే, అందులో రెండో మాట లేదు. కానీ మట్టి కాలువలో ఈ చిప్పలకు పట్టు దొరకదు, కాంక్రీటు మీద దొరుకుతుంది. మనకు నీళ్లు మిగిల్చిన గోడే వాటికి ఇల్లు కట్టుకునే చోటు.

దాని ఫలితం ఎంతో చిన్న లెక్కతో చూపిస్తాను. కాలువలో నీళ్లు ఎంత పోతాయో లెక్కకట్టే మానింగ్ సూత్రంలో గోడ గరుకుదనానికి ఒక అంకె ఉంటుంది. నున్నటి కాంక్రీటుకు అది దాదాపు 0.014. చిప్పలు, వాటి మీద నాచు పట్టి అది 0.018 అయిందనుకుందాం. నీటి మట్టం, వాలు అవే ఉన్నా ప్రవాహం 22 శాతం పడిపోతుంది. లైనింగ్ మీద పెట్టిన ఖర్చులో మనకు దక్కిన లాభం అంతమేరకు జారిపోయినట్టే.

పైపుల్లో నష్టం ఇంకా ఎక్కువ. ఒక మీటరు వ్యాసం ఉన్న పైపు లోపల చుట్టూ 5 సెంటీమీటర్ల మందాన చిప్పలు పేరుకున్నాయనుకోండి. వ్యాసం 90 సెంటీమీటర్లకు తగ్గుతుంది. చూడ్డానికి తేడా చిన్నదే. కానీ అంతే నీళ్లను తోయాలంటే రాపిడి వల్ల పోయే ఒత్తిడి 1.7 రెట్లవుతుంది. గరుకుదనం పెరిగినందుకు పడే అదనపు భారం కలపకుండానే ఇంత. నీళ్లు తమంత తాము పారే కాలువలో ఇది తగ్గిన నీళ్లుగా కనిపిస్తుంది. ఎత్తిపోతల పథకంలో కరెంటు బిల్లుగా కనిపిస్తుంది. హంద్రీ-నీవా బండి నడిచేదే పంపుల మీద, ఆ కరెంటు ఖర్చు ఇప్పటికే రాష్ట్రానికి మోయలేనంత ఉంది. అందుకే ఈ ముప్పు తెలుగు గంగ కంటే హంద్రీ-నీవాకు ఎక్కువ ఖరీదవుతుందని నా అభిప్రాయం.

పంపుహౌసులో మూల మూలకూ సమస్యే. చెత్త ఆపే ఇనుప జాలీలకు గుత్తులు పడతాయి. మోటార్లను చల్లబరిచే సన్న పైపులు మూసుకుపోతాయి. షట్టర్ల గాడిలో చిప్పలు చేరితే షట్టరు పూర్తిగా దిగదు. పేరుకున్న పొర కింద ఇనుము తుప్పు పడుతుంది. చచ్చిన చిప్పలు ఊడి ఒక్కసారిగా కొట్టుకొచ్చి జాలీలో ఇరుక్కుంటాయి. 1989 డిసెంబరులో అమెరికాలోని మన్రో అనే పట్టణానికి జరిగింది అదే తరహా. ఎరీ సరస్సులో ఉన్న నీటి తోడుకం దగ్గర జీబ్రా చిప్పలు, మంచు కలిసి దారి మూసేస్తే ఊరికి రెండు రోజుల పాటు నీళ్లు లేవు. జీబ్రా మస్సెల్‌ను ఆ సరస్సుల ప్రాంతంలో గుర్తించి అప్పటికి ఏడాదిన్నరే.

నీటి నాణ్యత సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. ఒక్కో జీబ్రా చిప్ప రోజుకు దాదాపు లీటరు నీళ్లు వడకడుతుంది. నీళ్లు తేటబడతాయి, జనం సంతోషిస్తారు. తేటనీళ్లలోకి ఎండ లోతుగా దిగి అడుగున కలుపు పెరుగుతుంది. పైగా తమకు నచ్చని నీలి-ఆకుపచ్చ నాచును ఈ చిప్పలు ఉమ్మేసి, మంచి నాచును తినేస్తాయి. పోటీ లేక మిగిలిన ఆ నాచు విషాలు వదిలే రకం. వేసవిలో జలాశయాల మీద పచ్చటి తెట్టు కట్టే మన ప్రాంతంలో ఇది గమనించాల్సిన విషయం. చేపలకూ ముప్పుంది. జపాన్‌లోని ఉజి నదిలో గోల్డెన్ మస్సెల్ వెంట వచ్చిన ఒక పరాన్నజీవి నది చేపలకు సోకింది.

కుళాయిలోంచి చిప్పలు వస్తాయా అని అడిగేవాళ్లకు జవాబు: ఫిల్టర్ బెడ్లు సరిగా పనిచేస్తే రావు. ఇసుక ఫిల్టరు దాటి లార్వాలు పోలేవు. ఇబ్బందంతా ఫిల్టరు బెడ్డుకు ముందున్న ముడినీటి దారిలోనే.

ఎలా వస్తాయి

ప్రవాహం దిగువకు వాటంతట అవే పోతాయి. ఎగువకు, పక్క పరీవాహక ప్రాంతానికి పోవాలంటే మాత్రం మనిషి తవ్విన కాలువైనా ఉండాలి, మనిషే మోసుకైనా పోవాలి. ఇది గుర్తుంచుకుంటే ఎక్కడ కాపలా కాయాలో తెలుస్తుంది.

ఓడల బల్లాస్ట్ నీళ్ల మీద అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. అది రేవుల సంగతి. లోతట్టున ఉన్న మనకు వేరే దారులున్నాయి. ఒక జలాశయంలో వాడిన పడవ, వల, తెప్ప ఇంకో జలాశయానికి తడిగా పోవడం. జలాశయాల్లో వదిలే చేప పిల్లలతో పాటు వచ్చే నీళ్లు. ఇతర రాష్ట్రాల్లో పనిచేసి ఇక్కడికి వచ్చిన తేలే పంపులు, పూడిక తీసే యంత్రాలు. ముత్యాల సాగు పేరుతో దూరం నుంచి తెచ్చే చిప్పలు.

ఇంకొకటి అక్వేరియం. 2021 మార్చిలో అమెరికాలోని పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మే నాచు బంతుల్లో బతికున్న జీబ్రా చిప్పలు దొరికాయి. అవి ఉక్రెయిన్ నుంచి దిగుమతైనవి. ఇంట్లో ట్యాంకు కోసం ఆన్‌లైన్‌లో మొక్కలు, నత్తలు తెప్పించుకుని, విసుగొచ్చాక చెరువులోనో కాలువలోనో వదిలేయడం మన ఊళ్లలో లేదా? కృష్ణాలో వలలు చించేస్తున్న డెవిల్ ఫిష్, ఒంటినిండా గట్టి పొలుసులున్న ఆ చేప, అక్వేరియంల నుంచే నదిలోకి చేరింది. దాన్ని దయతోనే ఎవరో వదిలి ఉంటారు. ఆ దయకు ఇవాళ జాలరి వలతో మూల్యం చెల్లిస్తున్నాడు.

చట్టం లేకపోలేదు. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణతో చొరబాటు జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, వ్యాప్తిని నియంత్రించే అధికారం కేంద్రానికి వచ్చింది. కానీ కాలువ గట్టు మీద చట్టం పని చేయాలంటే అక్కడ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

మందులు ఎందుకు చాలవు

క్లోరిన్ కొడితే పోతాయి కదా అనిపిస్తుంది. క్లోరిన్ తగలగానే చిప్ప మూత బిగించుకుని రోజుల తరబడి ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. అందుకని వారాల పాటు ఆపకుండా మోతాదు ఇవ్వాలి. ముడినీళ్లలో కుళ్లిన ఆకు, నాచు ఉన్నప్పుడు క్లోరిన్ వాటితో కలిసి ట్రైహాలోమీథేన్లు పుట్టిస్తుంది, అవి ఆరోగ్యానికి మంచివి కావు. మైలుతుత్తం చేపల్ని కూడా చంపుతుంది. పొటాషియం క్లోరైడ్ చిప్పల్ని బాగా చంపుతుంది. 2006లో అమెరికాలోని వర్జీనియాలో ఒక పాత రాతి క్వారీ గుంటలో జీబ్రా మస్సెల్‌ను దానితోనే నిర్మూలించారు. కానీ అది ఒక్క గుంట. 68 టీఎంసీల కండలేరుకు, 78 టీఎంసీల సోమశిలకు ఆ లెక్క అసలు కుదరదు, పైగా అక్కడి సొంత ఆల్చిప్పలు కూడా చస్తాయి. చైనాలో కొన్నిచోట్ల చిప్పల్ని తినే నల్ల కార్ప్ చేపను వాడి చూశారు. దాన్ని ఇక్కడికి తేవడమంటే ఒక పరాయి జీవి కోసం ఇంకో పరాయి జీవిని పిలవడం. అది వద్దే వద్దు.

పైపుల్లో, పంపుహౌసుల్లో మాత్రం మందులకు చోటుంది. పెద్ద జలాశయాల్లోకి దిగాక మిగిలేది గోకడం, కడగడం, భరించడం. అమెరికాలో లేక్ మీడ్ జలాశయంలో 2007 జనవరిలో క్వాగా కనపడింది. ఇప్పటికీ ఉంది.

మన చేతిలో ఉన్న ఎండ

మనకు ఒక అనుకూలత ఉంది, దాన్ని లోపంగానే చూడటం అలవాటైపోయింది. మన కాలువలు ఏడాదంతా పారవు. హంద్రీ-నీవా వేసవిలో చాలావరకు ఎండిపోతుంది. కండలేరు కాలువకు కూడా విరామాలుంటాయి. గోల్డెన్ మస్సెల్ నీళ్లు లేకుండా మూడు రోజుల నుంచి పదీ పన్నెండు రోజుల దాకా బతకగలదు. పరిమాణం, గాలిలో తేమ మీద ఆధారపడి ఉంటుంది. 40 డిగ్రీలు దాటిన ఎండలో కాంక్రీటు మీద అంతకాలం నిలవదు. అంటే ఏటా ఒకసారి కాలువను నిజంగా ఎండబెడితే చాలు, కాలువ గోడల మీద పాతుకుపోయే అవకాశం దానికి దొరకదు.

అసలు చిక్కు ఈ 'నిజంగా' అన్నచోటే ఉంది. నీళ్లు ఆపినంత మాత్రాన కాలువ ఎండదు. రోడ్ల కింద, వాగుల కింద దూరే సైఫన్లలో నీళ్లు నిలిచే ఉంటాయి. పంపుహౌసుల సంపుల్లో ఉంటాయి. క్రాస్ రెగ్యులేటర్ల ముందు గుంటల్లో, లైనింగ్ కుంగిన చోట్ల ఉంటాయి. అవే దాక్కునే చోట్లు. మరుసటి ఏడాది నీళ్లు వదలగానే అక్కడి నుంచే మళ్లీ మొదలవుతాయి. కాబట్టి వేసవి మరమ్మతుల్లో సైఫన్లను తోడి ఎండబెట్టడం ఒక తప్పనిసరి పనిగా రాసుకోవాలి. పూడిక ఎలాగూ తీస్తారు, దానికి నాలుగు రోజుల తోడుడు కలిపితే సరిపోతుంది.

లార్వాలు నీటి వేగం సెకనుకు ఒకటిన్నర మీటరు దాటిన చోట అతుక్కోలేవు. పైపులైన్లు డిజైన్ చేసేటప్పుడే ఈ సంగతి మనసులో పెట్టుకోవచ్చు, కనీసం జాలీల దగ్గర, సన్న పైపుల దగ్గర.

ఇంకో మాట, నాకు అన్నింటికంటే గట్టిగా తోచేది. అన్ని నీళ్లనూ కలిపేయకూడదు. తిరుమల కొండ మీద గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలు కొండవాన మీదే ఆధారపడినవి. ఏ కాలువకూ వాటితో సంబంధం లేదు. ఆ విడితనం ఒక రక్షణ. ఎప్పుడైనా కరువొచ్చి కిందినుంచి నీళ్లు పంపాల్సి వస్తే, శుద్ధి చేసిన నీళ్లే పంపాలి గానీ ముడినీళ్లు తీసుకెళ్లి ఆ జలాశయాల్లో పోయకూడదు. కల్యాణి డ్యాంకూ ఇదే వర్తిస్తుంది. ఇసుక ఫిల్టరు దాటిన నీళ్లలో చిప్ప రాదు, ముడినీళ్లలో ఏదైనా రావచ్చు. పైపు వేసేటప్పుడు ఫిల్టరు ముందా వెనకా అన్నది కాగితం మీద చిన్న తేడా. యాభై ఏళ్ల తర్వాత చూస్తే అదే పెద్ద తేడా.

చూసే కళ్లు

నిఘాకు పెద్ద ల్యాబు అక్కర్లేదు. ఒక నైలాన్ తాడుకు నాలుగు పీవీసీ పైపు ముక్కలు కట్టి తూము దగ్గర, సంపులో, జలాశయం గోడ పక్కన వేలాడదీయాలి. నెలకోసారి తీసి చేత్తో తడిమి చూడాలి. నున్నగా ఉండాల్సిన చోట ఇసుక కాగితం తగిలినట్టుంటే అనుమానించాలి. లార్వాల దశలోనే పట్టుకోవాలంటే సన్నటి వలతో నీళ్లు వడకట్టి మైక్రోస్కోప్ కింద చూడాలి. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు ధ్రువణ ఫిల్టర్ల (కాంతిని ఒక దిశలోనే పోనిచ్చే అద్దాల) మధ్య ఆ పసిగుల్లలు వెలుగుతూ కనపడతాయి. కళాశాల స్థాయి జువాలజీ విద్యార్థులు చేయగల పని ఇది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, దానికి జువాలజీ విభాగం ఉంది. కండలేరు, మల్లిమడుగు, అరణియార్, కల్యాణి ఒక్కో దాని నుంచి నమూనా తెచ్చుకోవడం ఏ బ్యాచ్‌కైనా మంచి ప్రాజెక్టు.

కాలువను రోజూ చూసేది మాత్రం లస్కర్లు. షట్టరు ఎక్కడ బిగుసుకుందో, జాలీకి ఏం పట్టిందో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. చాలాచోట్ల వాళ్ల పోస్టులు ఖాళీగా ఉంటున్నాయి, ఉన్నవాళ్లకు జీతాలు అంతంతమాత్రం. వాళ్ల చేతికి ఒక ఫొటో కార్డు ఇచ్చి, ఇలాంటిది కనపడితే చెప్పమని ఒక్క పూట వివరించడం ఎంతో ఖర్చు కాదు. రిజర్వాయర్లలో వలలు వేసే జాలరి సంఘాల వాళ్లకు కూడా అంతే. పడవను, వలను వేరే నీళ్లలోకి దింపే ముందు ఎండలో వారం పది రోజులు పూర్తిగా ఆరబెట్టమని చెబితే వాళ్లు వినరని నేను అనుకోను. నీళ్లు చెడితే మొదట నష్టపోయేది తామేనని వాళ్లకు తెలుసు.

మీకే ఎక్కడైనా కాలువ గోడకో, మోటారు పైపుకో, పడవ అడుగుకో రెండు మూడు సెంటీమీటర్ల చిప్పలు గుత్తిగా పట్టి, లాగితే దారాలతో సహా ఊడివస్తే, పక్కన ఒక స్కేలో రూపాయి బిళ్లో పెట్టి ఫొటో తీయండి. ఏ ఊరు, ఏ కాలువ, ఏ తేదీ అన్నది రాసుకోండి. నాలుగైదు చిప్పల్ని సీసాలో స్పిరిట్ పోసి భద్రపరచండి. బతికున్నవాటిని ఇంకో చెరువు దగ్గరకు తీసుకెళ్లొద్దు, కడిగిన నీళ్లు కూడా కాలువలోకి పోయొద్దు, ఎండ నేల మీద పారబోయండి. ఫొటో, సీసా మీ ప్రాంతపు జలవనరుల శాఖ ఏఈకి గానీ, యూనివర్సిటీ జువాలజీ విభాగానికి గానీ అందజేయండి. ఏ జాతో తేల్చడానికి జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో మంచినీటి జీవుల ప్రాంతీయ కేంద్రం ఉంది. గుత్తిగా కాకుండా, బురదలో విడిగా దొరికిన పెద్ద ఆల్చిప్ప అయితే అది మనదే. దొరికిన చోటే వదిలేయండి.